పొట్టి చిల్లులో పొడుగు స్క్రూ

అనగా అనగా ఒక టౌన్లో, రాజూ కాదు రాణీ కాదు, త్రిమూర్తులని ఒక లాప్‌టాప్ మెకానిక్కు ఉండేవాడు. పనిమంతుడే, కాదనను. కాకపోతే కాస్త డబ్బా కొట్టుకునే రకం.

ఆ ఊళ్ళో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు ఒకటి ఉంది. అందులో కూర్చుని భ్రమరాంబమ్మ దస్తావేజులు రాసేది. ఆవిడకి అరవై ఆరేళ్ళు. ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా ఆవిడ చేత్తో టైపు కొడితేనే జనానికి ధీమా. ఆవిడ లాప్‌టాప్ ఏదో కంపెనీ వాళ్ళు వాడి తీసేసిన పాతది. బొత్తాం నొక్కాక తెర వెలిగేలోపు నువ్వు ఒక ముద్ద తినేయొచ్చు.

"కొత్తది ఎందుకు అమ్మగారూ? లోపల రెండు పార్టులు మారిస్తే గుర్రంలా పరిగెడుతుంది" అన్నాడు త్రిమూర్తులు.

అప్పుడు విప్పాడు. ఇలాంటివాటి అడుగున పొట్టి స్క్రూలూ పొడుగు స్క్రూలూ కలిసి ఉంటాయి. అందుకని అట్టముక్క మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఎక్కడ తీసిన స్క్రూ అక్కడే గుచ్చమని వాడి గురువు నేర్పాడు. "నా వేళ్ళకి తెలీదా ఏంటి" అని మనవాడు అన్నీ ఒకే సాసర్లో పోశాడు. కొత్త డిస్కు పెట్టాడు, ర్యామ్ పెంచాడు, బిగించేశాడు.

మొదటిరోజు అది వెలగనే లేదు. ర్యామ్ సరిగ్గా కూర్చోలేదు. తీసి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ పెడితే వెలిగింది. ఆ తర్వాత ఒళ్ళు కాలిపోయేంత వేడెక్కింది. ఫ్యాను నిండా దుమ్ము ఉంటే దులిపాడు. ఆ తర్వాత, మూడోసారి, సరిగ్గా దస్తావేజు మధ్యలో, జనమంతా చూస్తుండగా టప్పున ఆరిపోయింది.

త్రిమూర్తుల్ని పిలిపించారు. అందరూ వాడి మొహమే చూస్తున్నారు. ఎందుకు ఆరిందో వాడికి తెలీదు. తెలీదనడానికి నోరు రాలేదు. పక్కన టీ గ్లాసు కనబడింది.

"టీ ఒలికింది అమ్మగారూ. పెద్దవయసు కదా, చేతులు వణుకుతుంటాయి" అనేశాడు.

చూశావా బుజ్జీ, ఎంత మాటన్నాడో! ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని, "అయ్యుంటుంది నాయనా" అంది.

షాపుకి తెచ్చి విప్పితే ఏముంది? పొట్టి చిల్లులో పొడుగు స్క్రూ! దాని మొన లోపలి వైరుని నొక్కేసింది. టీ జాడే లేదు. వాడి చెవులు వేడెక్కిపోయాయి. వైరు మార్చాడు, స్క్రూ మార్చాడు, లాప్‌టాప్ బాగుపడింది. నిజం మాత్రం చెప్పలేదు.

చెబుదామని మూడుసార్లు వెళ్ళాడు. లాప్‌టాప్ ఇచ్చేటప్పుడు ఆవిడే "నీకు శ్రమ పెట్టాను నాయనా" అంటే తలూపి వచ్చేశాడు. రెండోసారి జనం ఉన్నారని వెనక్కొచ్చేశాడు. మూడోసారి వెళ్తే ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది.

"వారమైంది మానేసి. చేతులు వణుకుతున్నాయి, ఒకరి ఆస్తి కాగితాలు పాడుచేస్తానేమో అని భయపడింది పాపం" అన్నాడు షెడ్డులో ఆవిడ పక్కన కూర్చుని దస్తావేజులు రాసే లేఖరి.

అప్పుడు వాడు సిగ్గుతో చితికిపోయాడమ్మా. ఉన్నపళాన ఆవిడ ఇంటికి వెళ్ళాడు.

భ్రమరాంబమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అరచేతిలో నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టుకుని, దాన్నే రెప్పవెయ్యకుండా చూస్తోంది.

"టీ ఒలకలేదు అమ్మగారూ. స్క్రూ తప్పుగా బిగించింది నేను. నా పరువు పోతుందని మీ చేతుల మీదికి తోసేశాను" అన్నాడు.

ఆవిడ గ్లాసు మీంచి చూపు తిప్పలేదు. తిట్టినా వాడికి బాగుండేది.

"వారం నుంచీ ఇలా పట్టుకుని చూస్తున్నాను నాయనా" అంది. "నీళ్ళు ఒక్కసారీ కదల్లేదు. అయినా నువ్వు చెప్పావు కదా. నా కళ్ళు కూడా పోయాయేమో అనుకున్నాను."

"రేపు షెడ్డుకి రండి అమ్మగారూ" అన్నాడు త్రిమూర్తులు, దించిన తల ఎత్తకుండానే. మర్నాడు పొద్దున్నే షెడ్డులో లేఖరులందరి ముందూ నిలబడి, చేసిన తప్పు, ఆడిన అబద్ధం రెండూ చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు ఛీ అన్నారు. భ్రమరాంబమ్మ లాప్‌టాప్ తెరిచి, "ముందు ఎవరిదమ్మా?" అని టైపు మొదలుపెట్టింది. వాడితో మాట్లాడడానికి మాత్రం ఆవిడకి చాలారోజులు పట్టింది. పట్టదూ మరి?

కథేమో కంచి దారి పట్టింది,
నీ కంటికేమో కునుకు పట్టింది.