చలి పెద్దమ్మకు వేడి పెట్టని ఇల్లు

ఒకప్పుడు మంచుకొండల్లో ఎలుగుబంట్లు ఏడాది పొడుగునా మేలుకునే ఉండేవి. వాటిలో గుబురమ్మ గుర్రుమంటే అడవంతా హడలిపోయేది. కానీ ఆమె ఎన్నడూ నోరు విప్పి చెప్పని సంగతి ఒకటుంది. చలి పెద్దమ్మ వస్తోందంటే ఆమెకే హడలు.

చలి పెద్దమ్మ ఆ కొండలన్నిటికీ చుట్టం. పిలవకపోయినా ఏటా దిగేది. అన్నం పెట్టమనేది కాదు, వేడి పెట్టమనేది. మెలకువగా ఉన్నవాళ్లు దొరికితే చాలు, గుమ్మంలో చతికిలబడి వాళ్ల ఒంట్లో వేడంతా జుర్రుకునేది. వచ్చిన చుట్టాన్ని పొమ్మనలేరు కదా. నిరుడు గుబురమ్మ మర్యాదకు పోయి పెట్టిందే పెట్టింది. చివరికి పక్కలో ఉన్న తన చంటిపిల్ల పాదాలు రాళ్లలా చల్లబడ్డాయి. ఎలాగో బతికింది. ఈసారీ బతుకుతుందన్న నమ్మకం లేదు.

పెద్దమ్మకు ఒకటే నియమం. నిద్రపోయేవాళ్లను లేపదు.

అందుకే ఈ ఏడు ఆమె అలికిడి వినగానే గుబురమ్మ గుహలో ముడుచుకుని కళ్లు మూసుకుంది. గుండె మాత్రం దడదడలాడుతోంది. కడుపు గుడగుడలాడుతోంది.

"నిద్రపోయేదాని ఒంట్లో ఇంత సందడేమిటే, పెళ్లివారు దిగారా?" అంది పెద్దమ్మ. పై కొండ చుట్టాలను చూసొస్తాననీ, ఈలోగా లేచి కూర్చోమనీ చెప్పి వెళ్లింది.

గుబురమ్మ ముందు కడుపును బతిమాలింది. ఇప్పుడే అంతా పెట్టేస్తే తర్వాత నోరెత్తనని అది ఒప్పుకుంది. ఇక పళ్లు, దుంపలు, తేనె, చీమలు, ఏది కనిపిస్తే అది. చర్మం కింద కొవ్వు బొంతలా పరుచుకుంది. గుహలోకి పట్టక వెనక్కి తిరిగి దూరాల్సి వచ్చింది.

నెమ్మదించమంటే గుండె మాత్రం మొండికేసింది. పుట్టినప్పటినుంచి ఒక్క పూట సెలవు పెట్టలేదట. ఇప్పుడు నెమ్మదిస్తే సోమరిపోతంటారట.

గుబురమ్మ తల దించుకుంది. "నాకు భయంగా ఉందిరా. పిల్ల ఉంది కదా."

గుండె అంది, "ఆ దడ నాదేగా, నాకు తెలీదా? నువ్వు చెప్తావేమోనని ఇన్నేళ్లూ చూస్తున్నా."

గుండె నెమ్మదించింది. దాని వెనకే ఊపిరీ నెమ్మదించింది. ఒంట్లో పొయ్యి సన్నగా, నివురు కింద నిప్పులా మిగిలింది. కొవ్వు కొంచెం కొంచెంగా కరిగి పాలవుతుంటే, పిల్ల తాగి బొచ్చులో దూరి పడుకుంది.

పెద్దమ్మ తిరిగొచ్చి చెవి ఒగ్గింది. ధబ్. వెంటనే ఇంకోటి వినిపిస్తే మెలకువగా ఉన్నట్టే అనుకుంది. ఎదురుచూసింది. ఆవలించింది. లేవబోయింది.

ధబ్.

ఇంత ఆలస్యంగా వచ్చింది లెక్కలోకి రాదు, దీని వెంటనే ఇంకోటి వస్తుందేమోనని మళ్లీ కూర్చుంది. అలా కూర్చుని కూర్చుని గుమ్మంలోనే కునుకు తీసింది. ఆమె తెల్ల దుప్పటి జారి గుహ ద్వారం మూసుకుపోయింది. చలిగాలి కూడా లోపలికి రాలేదు.

ఎండ వచ్చి తట్టి లేపేసరికి వసంతం. గుటకెడు వేడైనా పెట్టలేదని సణుక్కుంటూ పెద్దమ్మ వాగై కిందికి జారిపోయింది. చిక్కి, చర్మం వేలాడుతున్న గుబురమ్మ ముందుగా పిల్ల పాదాలు పట్టుకు చూసింది. వెచ్చగా ఉన్నాయి.

అప్పటినుంచే మంచుకొండల ఎలుగుబంట్లు ముందుగా బాగా తిని, శీతాకాలమంతా గుండె నెమ్మది చేసుకుని పడుకుంటాయి. పెద్దమ్మ ఏటా గుమ్మంలో కూర్చుని, వెంటనే రావలసిన ఆ రెండో ధబ్ కోసం చూస్తూనే ఉంటుంది.