ఏడు ఊఁలు

అడవి అంచున ఉన్న చెరువుకి ఒక తూము, తూముకి ఒక తలుపు, ఆ తలుపు ఎప్పుడు లేవాలో ఎప్పుడు దిగాలో చూసుకోవడానికి ఒక పాత కంప్యూటర్ ఉండేవి. ఆ కంప్యూటర్‌కి తెలిసిన భాష పేరు టకటక. దాన్ని పుట్టించింది చెక్కమ్మ అనే వడ్రంగి పిట్ట. ముక్కుతో పొడిస్తే తప్ప రాయడానికి వీల్లేని భాష కనక నేర్చుకోవడానికి ఇంకెవరూ రాలేదు. బాతులు ఒకసారి ప్రయత్నించి, ముక్కులు వాచి, వెళ్ళిపోయాయి.

చెక్కమ్మకి వయసు మీద పడింది. పొద్దున తిన్న పురుగు సంగతి మధ్యాహ్నానికి గుర్తుండదు. టకటక మాత్రం తనకి కంఠతా వచ్చని అందరితో అనేది. అనడమైతే అనేది గాని, తన ప్రోగ్రామ్‌ని తానే చదువుతూ, ఇంత తికమకగా ఎవరు రాశారబ్బా అని తిట్టుకున్న రోజులూ ఉన్నాయి.

ఇలా ఉండగా మెరుగయ్య అనే నక్క అద్దంలా మెరిసే కొత్త కంప్యూటర్ మోసుకొచ్చాడు. దీనికి ముక్కుతో పని లేదు, కాలి వేలితో జారిస్తే చాలు, భాష పేరు జారుడు అన్నాడు. పాతదానికి విడిభాగాలు దొరకడం మానేసి మూడేళ్ళయిందనీ, కొత్తదానికి టకటక అర్థం కాదనీ, తూము తనకి అప్పగిస్తే ప్రోగ్రామంతా తానే తిరగరాస్తాననీ చెప్పాడు. తలుపు దిగాక తూము కింది గుంటలో ఎగిరిపడే చేపల సంగతి మాత్రం ఎత్తలేదు.

చెరువు పెద్ద గంగన్న అనే ఎద్దు. నాలుగుసార్లు నెమరేస్తే గాని ఒక మాట అనడు. అందర్నీ గట్టు మీద కూర్చోబెట్టి, "అవ్వా, టకటకని ఉంచుదామా, వదిలేద్దామా? నువ్వు చెప్పిందే ఖాయం" అన్నాడు.

చెక్కమ్మకి ఉన్నవన్నీ ఒక్కొక్కటే బుర్రలోంచి రాలిపోతున్నాయి. ఈ ఒక్క భాషా పోతే ఇక తానెవరో నలుగుర్నీ అడిగి తెలుసుకోవాలి. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, కొత్త ఒక వింత పాత ఒక రోత అని సామెత అందుకుని, టకటకలో ఉన్న నిక్కచ్చి జారుడులో ఎక్కడుందని దబాయించింది.

"అయితే వరస వరసకీ అర్థం చెప్పవ్వా" అన్నాడు మెరుగయ్య.

ఆరు వరసలు బాగానే చెప్పింది. ఏడో వరసలో, తలుపు సగం దిగాక, ఏడు ఊఁలు ఉన్నాయి. టకటకలో ఊఁ అంటే కాసేపు ఆగమని. అందుకే రోజూ తలుపు సగం దిగి, ఆగి, మళ్ళీ దిగేది. ఎందుకు ఆగమన్నదో బుర్ర ఎంత గోక్కున్నా చెక్కమ్మకి గుర్తు రాలేదు.

"యంత్రం ఏమన్నా కథ వింటోందా అవ్వా, ఊఁ కొట్టడానికి?" అన్నాడు మెరుగయ్య.

బాతులు నవ్వాయి. మరిచిపోయాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. "పాత యంత్రానికి ఆయాసం. మధ్యలో దమ్ము తీసుకోనిద్దామని పెట్టాను" అంది చెక్కమ్మ, రెప్ప వేయకుండా.

"మా యంత్రానికి ఆయాసం లేదు" అని మెరుగయ్య ఆ వరస ఎగరగొట్టాడు. టకటక ఓడిపోయింది. ఓడించింది నక్క కాదని చెక్కమ్మకి తెలుసు.

మర్నాడు మెరుగయ్య తలుపు దిగమని అద్దాన్ని ఒకసారి జార్చి, ఎవరూ చూడకుండా తూము కింది గుంటలోకి దిగాడు. నోటి నిండా చేపలు. చేపల కోసం పొంచి రోజూ చూసిన అలవాటుకొద్దీ తలుపు సగం దగ్గర ఆగుతుందనుకున్నాడు. ఆగుడుని తీసేసింది తానేనన్న సంగతి అప్పుడే మరిచాడు. తలుపు సరాసరి దిగి తోకని పట్టుకుంది.

కేక విని అందరూ పరిగెత్తారు. అద్దం తడికాళ్ళకి పలకదు. బాతులు ఎంత జార్చినా ఉలకలేదు, గంగన్న గిట్టని అసలు లెక్కచేయలేదు. చెట్టు మీంచి పొడికాళ్ళతో వచ్చింది చెక్కమ్మ ఒక్కతే. వస్తూనే ముక్కు ఎత్తింది.

"పొడవకు తల్లీ. పగిలితే నా తోక ఇక్కడే ఉండిపోతుంది" అని ఏడ్చాడు మెరుగయ్య.

"మరి మీ భాషలో లే అనడం ఎలా?"

"వేలు కింద పెట్టి పైకి జార్చు. మెల్లగా, అవ్వా."

మొదటిసారి పైనుంచి కిందికి జార్చింది. మెరుగయ్యకి చుక్కలు కనిపించాయి. రెండోసారి తలుపు లేచింది. తోక బయటికొచ్చింది, బొచ్చు మాత్రం రాలేదు.

ఆ తోక చూడగానే చెక్కమ్మ తోక జివ్వుమంది. తూముకి తలుపు పెట్టిన మొదటి రోజున, కింద చీమలు ఏరుకుంటూ తానూ ఇలాగే ఇరుక్కుంది. రెండు ఈకలు పోయాయి. తోక లాక్కోవడానికి ఎంతసేపు పడుతుందో చూసుకుని ఆ సాయంత్రమే ఏడు ఊఁలు పెట్టింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. చెప్పక చెప్పక తానే మరిచింది. తల మరిచినా తోక మరవలేదు.

ఈసారి అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయాసం మాట అబద్ధమనీ ఒప్పుకుంది. గంగన్న నెమరేసి, టకటకకి సెలవు, జారుడే ఉంటుంది, తూము మాత్రం అవ్వ చేతిలోనే, ఆమెకి వచ్చేదాకా మెరుగయ్యే నేర్పాలి అని తీర్పు చెప్పాడు.

రోజూ పొద్దున్నే చెక్కమ్మ, ఆగు అనడం ఎలాగన్నావు నాయనా అని అడుగుతుంది. నిన్న చెప్పిందే మెరుగయ్య పళ్ళు బిగించి మళ్ళీ చెబుతాడు. మొదటి పాఠంలోనే ఆమె ఆ వరస వాడిచేత రాయించి, పక్కన కారణం కూడా రాయించింది: "ఇక్కడ ఆగాలి, ఎందుకంటే వచ్చేవాళ్ళకి తోకలుంటాయి." రాస్తున్నంతసేపూ మెరుగయ్య బోడితోకని కాళ్ళ కింద దాచుకున్నాడు.

నీతి: మాట మారినా ముప్పు లేదు, అది ఎందుకన్నామో మరిచి, మరిచామని చెప్పకపోవడమే ముప్పు.