మసి పూయని తాటాకు

పూర్వం కొండల నడుమ వేములదుర్గమనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండరాజు మంచివాడే గాని, తన జ్ఞాపకశక్తి గురించి చెప్పుకోవడంలో ఆయనకు అలుపు లేదు. "మేం ఒకసారి చూశామంటే రాతి మీద చెక్కినట్టే!" అనేవాడు.

ఆస్థానంలో కథలు చెప్పే ఓబయ్య తీరు వేరు. మంచి మాట చెవిన పడితే చాలు, విస్తరి ముందున్నా సరే, నడుముకు దోపుకున్న తాటాకు తీసి గంటంతో గీసేసేవాడు. "చల్లారితే రుచి పోతుందండీ" అనేవాడు.

ఒకసారి ఓబయ్యను వెంటబెట్టుకుని వేటకు వెళ్ళి వచ్చిన నెల్లాళ్ళకు రాజుగారికి ఆ వేట మీద కథ కావాలనిపించింది. నిండు సభలో ఓబయ్యను పిలిచారు.

"మా వెంటే ఉన్నావుగా, ఏం రాశావో చూపించు."

ఓబయ్య ఆకు అందించాడు. రాజుగారు అటూ ఇటూ తిప్పారు. ఒక్క అక్షరం కనబడలేదు.

"ఖాళీ ఆకా! మేమే చెబుతాం, విను. అందులో ఒక్క ముక్క తప్పని రుజువు చేస్తే కోరింది ఇస్తాం. చేయలేకపోతే నీ గంటం కొలిమిలో వేయిస్తాం!"

ఓబయ్య చెయ్యి గంటం మీదికి పోయింది. అది తాతల నాటి గంటం. అయినా "చిత్తం" అన్నాడు.

రాజుగారు మీసం దువ్వారు. "ఏనుగంత అడవిపంది మా మీదికి ఉరికింది. మేం అంగుళం కదల్లేదు. ఒకే బాణం, పంది నేలకూలింది!"

"భళా!" అన్నారు పండితులు.

ఓబయ్య తిన్నగా దీపస్తంభం దగ్గరికి వెళ్ళి వేలితో మసి తీశాడు.

"ఏమిటది? మసిపూసి మారేడుకాయ చేస్తావా?"

"లేదు ప్రభూ, నెల్లాళ్ళుగా పూయకుండా వదిలేసిన మసి."

ఆకు మీద రుద్ది గుడ్డతో తుడిచాడు. అంతే! గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు బారులు తీరాయి. రాజుగారు పుట్టి బుద్ధెరిగాక చూసినవన్నీ మసి పూసి తెచ్చిన గ్రంథాలే. ఆ సంగతి తెలిసిన పండితులు నోరు మెదిపితే ఒట్టు!

ఓబయ్య చదివాడు: "పంది వచ్చింది. ప్రభువులు మద్దిచెట్టు ఎక్కారు. తేనె కోసం వచ్చిన కోటమ్మవ్వ చేట కొట్టి పందిని తరిమింది. పైకి చూసి, 'ఎక్కడం వచ్చింది సరే, దిగడం వచ్చా నాయనా?' అంది."

రాజుగారి మీసం అదిరింది. ఉన్నట్టుండి ఆయన తొడ చరిచారు.

"అవునోయ్! మా కుడి చెప్పు జారి అవ్వ నెత్తిన పడింది! 'రెండోది కూడా వెయ్యి, మా ముసలోడికి సరిపోతాయి' అంది!" ఆయన కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. సభంతా గొల్లుమంది.

"తమరు చంపిన పందులు ప్రతి కవి దగ్గరా ఉన్నాయి ప్రభూ, అవ్వ మాట ఇంకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు ఓబయ్య.

"ఓడిపోయాం. ఏం కావాలో కోరుకో."

"నా గంటం నాకు వదిలేయండి, చాలు."

రాజుగారు దానికి బంగారు పిడి చేయించమని ఆజ్ఞాపించి, చెవి దగ్గరికి వంగారు. "ఇవాళ జరిగింది మాత్రం రాయకోయ్."

ఓబయ్య తాటాకున్న చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "గీయడం అయిపోయింది ప్రభూ. మసి పూయడమే తరువాయి!"