హేమసేనుడు వేసుకున్న పీట

అనగనగా ఒక రాజు. ఆయనకు రాజ్యముంది, ఏనుగులున్నాయి, రత్నాలున్నాయి, ముగ్గురు కొడుకులున్నారు. నిద్ర మాత్రం లేదు. నవ్వకండి! ధవళసేన మహారాజు నిద్రను కంకాళుడనే మాంత్రికుడు నిజంగానే మూటకట్టి ఏడు సముద్రాల అవతలి తన దీవికి పట్టుకుపోయాడు.

నిద్ర పోయాక ఆకలి పోయింది. ఆకలి పోయాక మాట పోయింది. రాజు కళ్ళు చింతనిప్పుల్లా అయ్యాయి. రాజవైద్యుడు నాడి చూసి, "ఈ శ్రావణం దాటడం కష్టం" అని తల దించుకున్నాడు.

"నేను తెస్తాను నాన్నగారూ" అని పెద్దకొడుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. "నేను తెస్తాను నాన్నగారూ" అని రెండోవాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఇక మిగిలింది మూడోవాడు హేమసేనుడు. తండ్రికి కాళ్ళు పడుతూ, విసనకర్ర విసురుతూ అతనూ కంటినిండా నిద్రపోయి చాలాకాలమైంది. "నేను తెస్తాను నాన్నగారూ" అని అతను కూడా అన్నాడు. రాజు కొడుకు చెయ్యి చాలాసేపు వదల్లేదు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎదురైంది.

"తాతా, ఏడు సముద్రాలు దాటాలి. తొందరగా తీసుకెళ్ళు" అన్నాడు హేమసేనుడు.

"తాబేలుని పట్టుకుని తొందరంటావేమిటి నాయనా! సరే, ఎక్కు" అంది తాబేలు.

తీసుకెళ్ళింది, బాగానే ఈదింది. కానీ ఒక్కో సముద్రం దాటగానే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని కాసేపు కదలకుండా ఉండిపోయేది. మూడో సముద్రం దగ్గర హేమసేనుడికి ఒళ్ళు మండింది. "అక్కడ మా నాన్న ప్రాణం పోతూంటే ఇలా ముడుచుకుని కూర్చుంటావా?" అన్నాడు.

"నేను ముడుచుకోకపోతే నాలుగోదాంట్లో ఇద్దరం మునుగుతాం" అని తాబేలు లోపలి నుంచే చెప్పింది. "నా గది నా వీపు మీదుంది బాబూ. నీ గది ఎక్కడుంది?"

"మా కోటలో బోలెడు గదులున్నాయి."

"అవి కోటవి. నీదేది?"

హేమసేనుడు ఆలోచించాడు. రాచకొలువుకు ఒక గది, భోజనాలకు ఒక గది, ఆయుధాలకు ఒక గది. దేవుడి గది కూడా ఉంది కానీ అందులో పూజారిగారు పూజ చేస్తారు, తను గుమ్మం దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకుంటాడు.

ఎలాగో ఏడు సముద్రాలూ దాటి కంకాళుడి దీవి చేరారు. తోటలో ఒక అమ్మాయి చీపురు పట్టుకుని ఆకులు ఊడుస్తోంది. ఆమె కుందనవల్లి, పొరుగుదేశపు రాకుమారి. తన తల్లి పోగొట్టుకున్న నిద్రను వెతుక్కుంటూ వచ్చి మాంత్రికుడికి చిక్కింది. ఆమె హేమసేనుణ్ణి పొగడచెట్టు కిందికి తీసుకెళ్ళి రెండు రాళ్ళు చూపించింది.

"వీళ్ళు నీ అన్నలేనా? ముఖాలు కలుస్తున్నాయి. పెద్దాయన చిలుక మీద వల విసిరాడు. రెండో ఆయన బాణం వేశాడు. ఆ చిలుకను పట్టబోయినవాళ్ళంతా రాళ్ళయిపోతారు."

"చిలుకేమిటి?"

ఆమె ఆకాశంలోకి చూపించింది. ఒక పచ్చని చిలుక గుండ్రంగా తిరుగుతోంది. "చావంటే భయంతో కంకాళుడు తన ప్రాణాన్ని దాంట్లో దాచాడు. వాలితే ఎవరైనా పట్టుకుంటారని దాన్ని ఎక్కడా వాలనివ్వడు. అది వాలదు, వీడికి నిద్రరాదు. అందుకే లోకంలో వాళ్ళ నిద్రలన్నీ ఎత్తుకొస్తాడు. పాపం, ఒక్కటీ పట్టదు."

"అదే తనంతట తాను వాలితే?"

మిద్దె మీద నుంచి కంకాళుడు పగలబడి నవ్వాడు. "వాలే చోటు ఈ దీవిలో లేదురా అబ్బీ! వెతుక్కో!" అన్నాడు.

లేకపోతే చేద్దామనుకున్నాడు హేమసేనుడు. చెట్టుకింద ఊడ్చాడు, కళ్ళాపి చల్లాడు, ముగ్గువేశాడు, పీటవేశాడు, ఆకులో జామపండు పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిలుక వాలలేదు.

మర్నాడు ఇంకా పెద్ద ముగ్గు వేశాడు. పీటకు పూలదండ చుట్టాడు. పళ్ళు రాశిపోశాడు. మట్టితో దేవుణ్ణి చేసి దీపాలు పెట్టి, ఉపవాసముండి ఒంటికాలి మీద నిలబడ్డాడు. చిలుక కాస్త కిందికొచ్చి, అతని ముఖంలోకి చూసి, మళ్ళీ పైకి పోయింది. హేమసేనుడి కాళ్ళు వాచిపోయాయి.

కుందనవల్లి చీపురు పక్కన పెట్టి అడిగింది. "దేవుడికి పీట వేశావు, చిలుకకు పీట వేశావు. నీ పీటేది?"

"నాకెందుకు? వచ్చినవాళ్ళు కూర్చున్నాకే ఇంటివాడు కూర్చోవాలి. మా ఇంట్లో అంతే."

"మీ నాన్నగారూ అంతేనా?"

"నాన్నగారు పంక్తిలో అందరి భోజనాలూ అయ్యేదాకా నిలబడే ఉంటారు. ఆయన స్థిమితంగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు."

"ఇంటివాడే కూర్చోలేని చోట పక్షి ఎలా వాలుతుంది? వల నీ చేతిలో లేకపోయినా నీ కళ్ళల్లో ఉంది."

హేమసేనుడికి కోపమొచ్చింది. "మా నాన్న అక్కడ చచ్చిపోతూంటే నేనిక్కడ పీట వేసుకుని కూర్చోనా?"

"కూర్చో" అంది ఆమె.

ఆ మాటకు అతనికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక బావి దగ్గరికి వెళ్ళాడు. తలంటుకున్నాడు. వాచిన కాళ్ళకు నూనె రాసుకున్నాడు. పొడిబట్ట కట్టుకుని, పెరుగన్నం కలుపుకుని కడుపునిండా తిన్నాడు. తరువాత చెట్టుకింద తనకు పట్టేంత జాగా మాత్రం అలికాడు. చిన్న ముగ్గు వేశాడు, అదీ వంకరగానే వచ్చింది. ఒక దీపం, ఒక పీట. ఆ పీట మీద తనే కూర్చున్నాడు.

మొదట కాళ్ళు లాగాయి. తరువాత నాన్న గుర్తొచ్చాడు, అన్నలు గుర్తొచ్చారు. భయమేసింది. పొమ్మంటే పోయే భయం కాదు కనుక దాన్నీ పక్కన కూర్చోనిచ్చాడు. చిన్నప్పుడు అమ్మ నేర్పిన దేవుడి పేరు మెల్లగా అనుకోసాగాడు. తను ఎంత అలిసిపోయాడో హేమసేనుడికి అప్పుడే తెలిసింది. చిలుక సంగతి మరిచిపోయాడు.

మోకాలి మీద ఏదో వాలింది. చిలుక రెండడుగులు అటూ ఇటూ నడిచి, రెక్కలో తల దూర్చి నిద్రపోయింది.

మిద్దె మీద కంకాళుడు ఆవలించాడు. గోడకు చేరగిలబడ్డాడు. గుర్రుపెట్టాడు! వాడి మూటలన్నీ విడిపోయి, దొంగిలించిన నిద్రలన్నీ ఎవరి ఇళ్ళకు అవి వెళ్ళిపోయాయి. రాళ్ళయిన అన్నలు మళ్ళీ మనుషులై ఒళ్ళు విరుచుకున్నారు.

"ఇదే సమయం! చిలుక మెడ విరిచెయ్యి!" అంది కుందనవల్లి.

హేమసేనుడు చిలుకను చూశాడు. గుప్పెడంత ఉంది. దాని గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. "నిద్రపోయేవాణ్ణి చంపలేను వల్లీ. పాపం, ఎన్నేళ్ళ నుంచి ఎగురుతోందో!" అన్నాడు.

కంకాళుడు మూడు రోజులు నిద్రపోయి లేచాడు. లేచి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "చావు వచ్చే రోజున వస్తుంది. ఈ నిద్ర నాకు చాలు" అని తన ప్రాణాన్ని తన గుండెలోనే పెట్టుకున్నాడు. చిలుకేమో మామూలు చిలుకై జామచెట్టు మీదికి పోయింది.

వాళ్ళు కోటకు తిరిగొచ్చేసరికి రాజు నిద్రలేచి వేడన్నం తింటున్నాడు. కొడుకులను చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అన్నలిద్దరూ, "నిలబడి నిలబడి విసిగిపోయాం, సింహాసనం తమ్ముడికే ఇవ్వండి" అన్నారు. హేమసేనుడికీ కుందనవల్లికీ పెళ్ళి జరిగింది, పట్టాభిషేకమూ జరిగింది. వాళ్ళు మనవలను, మునిమనవలను ఎత్తుకునేదాకా ఏలారు.

పెళ్ళయిన మర్నాడు ఏం జరిగిందో చెప్పలేదు కదూ? తెల్లవారుతూండగా హేమసేనుడు ఒక మూల ఊడ్చి, అలికి, దీపం పెట్టి పీట వేసుకున్నాడు. కొలువుకు ఆలస్యమవుతోందని మంత్రులు అవతల సణుగుతున్నారు. ముసలిరాజు వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోండి నాన్నగారూ."

"పీట ఒక్కటే ఉందిగా నాయనా."

"ఇది నాది. మీది మీరే వేసుకోవాలి."

రాజు అటూ ఇటూ చూశాడు. పరుగెత్తుకొచ్చిన దాసీని వద్దని పంపించేశాడు. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి చీపురు పట్టుకుని, నడుం వంచి, కొడుకు పక్కన తనకు పట్టేంత చోటు ఊడ్చుకున్నాడు.

కథ అయిపోయింది పిల్లలూ. కంచికి అదే వెళ్తుంది, దారి దానికి తెలుసు. మీరు అప్పుడే లేవకండి, కాసేపు అలాగే కూర్చోండి.