ఏడో కట్ట ముడి

మాధవభూపతి మహారాజుగారికి ఆ రోజు పొద్దున్నే ఒక బుద్ధి పుట్టింది. "గండప్ప కథల ఏడో కట్ట వినాలా, కుంపట్లో వెయ్యాలా? సభలోనే తేలిపోవాలి!" అన్నారు.

గండప్ప అంటే ఎవరనుకున్నారు? మట్టిలో కూరుకుపోయిన పాత నగరాలు తవ్వి, సొరంగాల్లో దూరి, చావు తప్పించుకుని బయటపడే సాహసి. ఆ కథలు రాసింది తిప్పాంబ. ఆరు కట్టల తాటాకులు నింపి, ఆరో కట్ట చివర అతన్ని ఒక రాతి తలుపు ముందు నిలబెట్టి వదిలేసింది మహాతల్లి! ఏడో కట్టకు ఏడాది పట్టింది. అది బూడిదైతే మళ్లీ గంటం పట్టనని తమ్ముడు ఓబులేసుతో చెప్పేసింది. ఓబులేసు కోటలో తాటాకు కట్టలు చూసుకునే ఉద్యోగి. అక్క మాట విన్నాక ఆ పూట అతనికి ముద్ద దిగలేదు.

సభలో తలా ఒక మాట అన్నారు.

"నిధి ఉందేమోనని మా పెరడంతా తవ్వించాను. కందగడ్డలు దొరికాయి. అయినా కథ బాగుంది!" అన్నాడు సేనాపతి.

"నీళ్లు లేకుండా తొమ్మిది రోజులు ఎలా బతికాడండీ? మరీ అన్యాయం!" అన్నాడు వైద్యుడు.

"వాడు సొరంగంలో ఇరుక్కున్నప్పుడు నేను అన్నమే ముట్టలేదు," అన్నారు రాణిగారు.

ఆస్థాన పండితుడు అహోబలశాస్త్రి ముక్కు చిట్లించాడు. "చెత్త, ప్రభూ! జనం పనులు మానుకుని గోతులు తవ్వుతున్నారు. తగలెయ్యండి. నేనైతే ఒక్క ఆకు కూడా చదవలేదు!"

రాజుగారు తల ఊపారు. అంతలో ఓబులేసుకు శాస్త్రిగారి అలవాటు ఒకటి గుర్తొచ్చింది. సభలో పురాణం ఎవరు తప్పు చదివినా దిద్దకుండా ఉండలేడాయన.

"ప్రభూ, తగలేసే ముందు ఆరో కట్ట కథ రెండు ముక్కల్లో చెప్పనివ్వండి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదని ఆజ్ఞ ఇవ్వండి."

"కానివ్వు," అన్నారు రాజుగారు.

"గండప్ప తూర్పు గుహలో దూరాడు..."

రాణిగారు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నారు. శాస్త్రి ఉత్తరీయం అంచు నలిపాడు.

"చేతిలో కాగడా వెలుగుతోంది..."

శాస్త్రి మెడ నరాలు ఉబ్బాయి.

"దారి చూపే ముసలి పోలయ్యను మొసలి మింగేసింది."

"మింగలేదురా అప్రాచ్యుడా!" శాస్త్రి ఒక్క ఉదుటున లేచాడు. "మొసలికి దొరికింది పోలయ్య కాలి చెప్పు ఒక్కటే! గుహ పడమటిది! కాగడా అంతకుముందే నీళ్లలో పడిపోయింది!"

సభ గొల్లుమంది. శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అంటే... మా ఇంట్లో ఆడవాళ్లు చదువుకుంటుంటే చెవిన పడింది. నాకేం సరదా!"

"అలాగా! అయితే తమరి చేతుల మీదుగానే కానివ్వండి," అన్నాడు ఓబులేసు.

సాంబ్రాణి కుంపటి ముందుకు జరిపి, ఏడో కట్ట తెచ్చి శాస్త్రి చేతిలో పెట్టాడు.

శాస్త్రి కుంపటి మీదకి వంగాడు. ఆగాడు. అటూ ఇటూ చూశాడు. ఆయన వేళ్లు మెల్లగా కట్ట తాడు మీదకి పాకాయి.

"శాస్త్రిగారూ, తగలేసేవాళ్లు ముడి విప్పడం దేనికండీ?" అన్నాడు ఓబులేసు.

శాస్త్రి ముఖం కందగడ్డయింది. "ఒక్క ఆకు! ఆ తలుపు వెనక ఏముందో చూసి వేసేస్తానయ్యా!"

రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు. "తిప్పాంబకు పట్టుచీర! ఓబులేసూ, ఇదిగో నా ఉంగరం! శాస్త్రిగారూ, మీకు శిక్ష. ఏడో కట్ట మొత్తం మీరే చదివి వినిపించాలి!"

శాస్త్రి ఆ మాట వినలేదు. అప్పటికే రెండో ఆకులో ఉన్నాడు.