గడ్డిమిషనుకి ఆయుధపూజ

అనగనగా అన్నానని మరీ రాజుల కాలం అనుకోకు బుజ్జీ. రెండువేల పదకొండో సంవత్సరం. వానలు వెనకపట్టి, దసరా ఎండ కాస్తున్న రోజులు. విజయనగరం అవతల తాటిగెడ్డ అనే ఊళ్ళో ఒక చిన్న బడి ఉండేది. ఆ బడిలో ఆయా పేరు అప్పలకొండ. గదులు ఊడ్చేది ఆవిడే, పిల్లల ముక్కులు తుడిచేది ఆవిడే. కడుపున పుట్టినవాళ్ళు లేరు. బడి పిల్లలందరూ నా పిల్లలే అనుకునేది.

ఆ ఏడు వానలకి బడి ఆవరణంతా మోకాలు దాటి గడ్డి పెరిగింది. ఆ గడ్డిలో ఒక పిల్లని పాము కరిచింది. భయపడకు, ఆ పిల్ల బతికింది. కానీ ఊళ్ళో తల్లులూ తండ్రులూ ఒకటే మాట అన్నారు. "దసరా సెలవులు అయ్యేసరికి ఈ గడ్డి ఇలాగే ఉంటే మా పిల్లల్ని పక్కూరి బడిలో వేసేస్తాం." పిల్లలు పోతే బడి మూతపడుతుంది. అప్పలకొండ కొడవలి పట్టింది. ఈ మూల కోసుకొచ్చేసరికి ఆ మూల మళ్ళీ మొలిచేది.

అప్పుడు పట్నంలో ఒక డాక్టరమ్మ, తన బంగళా అమ్ముకుని వెళ్ళిపోతూ, పెట్రోలుతో నడిచే, గడ్డి కోసే మిషనుని బడికి ఇస్తానంది. నాలుగు చక్రాలు, తొయ్యడానికి పొడుగాటి పిడి, కింద గిర్రున తిరిగే కత్తి. అప్పలకొండ మరిది గౌరయ్యకి సామాన్ల ఆటో ఉంది. వదినా మరిదీ ఇద్దరూ అందులో వెళ్ళారు.

డాక్టరమ్మ మిషను నడిపి చూపించింది. ఆ తర్వాత మూడు మాటలు చెప్పింది. "అప్పలకొండా, ఊరు మార్చేటప్పుడైనా, మూల పెట్టేటప్పుడైనా దీని కడుపు ఖాళీగా ఉండాలి. ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, పక్కకి పడుకోబెట్టకూడదు. నిప్పు మొహం చూపించకూడదు."

అప్పలకొండ ఆ మూడు మాటలూ కొంగున ముడేసుకుంది.

మొదటి మాట దగ్గరే గౌరయ్య అడ్డం తిరిగాడు. "నిండా ఉన్న పెట్రోలు తోడెయ్యడమేటి వదినా? అలాగే ఎక్కించేద్దాం."

"నువ్వు కడుపునిండా తినీసి, గతుకుల్లో ఆ ఆటోలో ఎనక పడుకో. అప్పుడు తెలుస్తాది ఏటో" అంది అప్పలకొండ.

జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు ఇంజను మీద చెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది. చల్లారేదాకా అరుగు మీద కూర్చుంది. ఆ తర్వాతే పెట్రోలు డబ్బాలోకి వంపించి, మూత బిగించి, డబ్బాని ఆటో వెనక కట్టించింది.

అప్పుడు గౌరయ్య బీడీ తీశాడు.

"అది ముట్టించావంటే ఊరిదాకా నడిచొస్తావ్."

"ఆటో నాది వదినా!"

"మిషను నాది."

రెండో మాట దగ్గర ఇంకో చిక్కు. ఆటో పొట్టి, పిడి పొడుగు. పక్కకి ఒరగేసి పడుకోబెడితే సరిగ్గా పడుతుందన్నాడు గౌరయ్య. "పడుకోబెడితే లోపలున్న ఆయిలు కారిపోయి రోగం తెచ్చుకుంటాదిరా" అని అప్పలకొండ పిడిని మడత పెట్టించింది. కింద గోనెలు పరిచింది. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, అటూ ఇటూ తాళ్ళు బిగించింది. దారిపొడుగునా పెళ్ళికూతుర్ని తీసుకొస్తున్నట్టు పక్కనే కూర్చుంది.

ఊరు చేరాక మూడో మాట. వంటపాకకి కొత్త రేకులున్నాయి, అక్కడ పెడదామన్నాడు గౌరయ్య. "పొయ్యి పక్కనా? నీ బుర్రకేమైనా పట్టిందేట్రా?" అని తిట్టి, విరిగిన బల్లలు పెట్టే గదిలో, కిటికీలు తీసి, గాలి ఆడేలా నిలబెట్టించింది. పెట్రోలు డబ్బాని విడిగా, బయట నీడలో ఉంచింది.

మూడు మాటలూ నిలబెట్టింది కదా? అక్కడితో అయిపోతే ఇది కథెందుకవుతుంది!

తెల్లారితే ఆయుధపూజ. పూజ చేశాకే మిషనుని పనిలోకి దింపాలని అప్పలకొండ అనుకుంది. పొద్దున్నే తడి గోనెతో దాన్ని తుడిచింది. పసుపు రాసింది, బొట్టు పెట్టింది, బంతిపూల మాల వేసింది. అప్పుడు ఆవిడ మనసు ఒక్కసారి పీకింది. ఎడ్లకి పూజ చేసే ముందు కుడితి పెడతాం. ఇంటికొచ్చినవాళ్ళకి అన్నం పెడతాం. పండగ పూట ఈ పిచ్చిదాన్ని పస్తు పెట్టి పూజ చెయ్యడమా?

డబ్బా లోపలికి తెచ్చింది. ట్యాంకు నిండా పోసింది. కొంచెం నేల మీద ఒలికింది. పూలమాల అడ్డొచ్చి మూత సరిగ్గా పడలేదు. ఆ తర్వాత హారతి ఆరిపోకుండా కిటికీలు మూసేసింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న గౌరయ్య లోపలికొచ్చాడు. "వదినా, నిప్పు మొహం చూపించకూడదంది కదా డాక్టరమ్మ?"

"హారతి నిప్పేట్రా? హారతి దేవుడిది."

కర్పూరం వెలిగించింది.

పళ్ళెంలో మంట పళ్ళెంలో ఉండలేదు. భగ్గుమని నేల మీదికి దూకింది. ఒలికిన చోటు పట్టుకుని పాకుతూ వెళ్ళి మిషను ఎక్కింది. బంతిపూలు చిటపటలాడాయి. మూత సందులోంచి మంట నాలుక బయటపెట్టింది.

గౌరయ్య డబ్బాని బయటికి తన్నేసి అరిచాడు. "వచ్చెయ్ వదినా! వదిలెయ్ దాన్ని!"

"ఇది పోతే బడి పోద్దిరా! మన్ను తే!"

అప్పలకొండ తడి గోనె తీసి ట్యాంకు మీద కప్పింది. మూత మీద కుడిచెయ్యి వేసి నొక్కింది. అలా ఎవ్వరూ చెయ్యకూడదు బుజ్జీ, మంటొస్తే బయటికి పరిగెత్తాలి. కానీ ఆవిడ మొండిది. గౌరయ్య గంపలతో మన్ను తెచ్చి పోశాడు, కిటికీలు బద్దలుకొట్టాడు. మంట చచ్చేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే ఆవిడ అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "గౌరయ్యా, దాని కడుపు ఖాళీ చేశావా?"

"చేశాను తల్లీ, చేశాను. ముందు నువ్వు నోరు మూసుకుని కట్టు కట్టించుకో" అని గౌరయ్య ఏడ్చాడు.

మిషనుకి రంగు మాడింది, పిడి మీది రబ్బరు కరిగింది. లోపల గుండె మాత్రం బాగానే ఉంది. సెలవులు ముగిసేలోగా గౌరయ్య దాన్ని ఆరుబయట పెట్టి, శుభ్రం చేసి, అక్కడే పెట్రోలు పోసి తాడు లాగాడు. ఒకసారి లాగితే పలకలేదు. రెండోసారి దగ్గింది. మూడోసారి డుర్రుమంది!

అప్పలకొండ కట్టుచెయ్యి గుండెకానించుకుని అరుగు మీద నిలబడి కేకలేసింది. "ఆ మూల వదిలేశావ్! కళ్ళు కనపడవేట్రా!" పాములు దాక్కునే గడ్డంతా పడిపోయింది. నేల కనిపించింది.

బడి తెరిచారు. పాము కరిచిన పిల్ల అమ్మ చెయ్యి వదిలించుకుని ఆవరణకి అడ్డంగా పరిగెత్తింది. ఆ వెనకే మిగతా పిల్లలందరూ వచ్చారు. ఒక్కరు కూడా పక్కూరి బడికి పోలేదు.

అప్పటినుంచీ ఆ బడిలో దసరాకి మిషనుని ఖాళీ కడుపుతో బయట నిలబెట్టి, పసుపు రాసి, పూలు పెట్టి, దణ్ణం పెడతారు. హారతి ఇవ్వరు.

అప్పలకొండ కుడిచేతి రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. అన్నం చెంచాతో తినడం నేర్చుకుంది.

కథ వెళ్ళె కంచికి,
కన్ను వెళ్ళె కునుకుకి,
బుజ్జి వెళ్ళె మంచానికి,
మనం మళ్ళీ పొద్దుటికి.