తీతువు కూసిన వైపు

అనగనగా ఒక అడవిలో పులి లేదు, సింహం లేదు. ఉన్నదల్లా ఒక ఫుట్‌బాల్ జట్టు. పులి ఉన్నా బాగుండేది నాయనా! పులి ఒక్కసారే చంపుతుంది. ఈ జట్టు వారం వారం చంపేది.

నవ్వకండర్రా. ఇది నవ్వే కథ కాదు. ముందే చెప్తున్నా, చివర్లో "అలా ఎందుకయింది" అని నా మీద పడొద్దు.

ఆ అడవి పేరు మద్దివాగు. జట్టు పేరు కూడా మద్దివాగే. సరదాకి ఆడే జట్టు కాదది, జీతం తీసుకుని ఆడే జట్టు. అడవిలో ప్రతి ప్రాణీ తన నోటి దగ్గరిది తీసి, ఇన్ని నేరేడుపళ్ళో ఇన్ని దుంపలో వాళ్ళకి పెట్టేది. ఆటగాళ్ళు సుబ్బరంగా తిని, నిగనిగలాడుతూ మైదానంలోకి దిగేవాళ్ళు. దిగి, ఓడిపోయేవాళ్ళు.

కెప్టెన్ పేరు కొమ్ములయ్య. దుప్పి. మంచివాడు, మాట మెత్తన. ఎవర్నీ పల్లెత్తు మాట అనలేడు. అదే వచ్చిన చిక్కు. గోల్ కీపర్ తోకన్న అనే కొండముచ్చు. చేతులు బాగా పొడుగు, ధైర్యం మాత్రం పొట్టి. ఇక ఎడమవైపు కాపలా కాయాల్సినవాడు చుక్కలరాజు. వాడూ దుప్పే. కెప్టెన్‌గారి సొంత బావమరిది.

ఈ చుక్కలరాజు కాపలా కాస్తేనా? బంతి కనబడితే చాలు, గోల్ కొట్టి పేరు తెచ్చుకుందామని ముందుకు పరిగెత్తేవాడు. పోయినవాడు వెనక్కి వచ్చేవాడు కాదు. అవతలి గోల్ దగ్గర నిలబడి ఒళ్ళు విరుచుకునేవాడు. ఇవతల ఎడమవైపంతా తలుపు తీసి వదిలేసిన ఇల్లులా ఉండేది.

ఆ జట్టుకి ఒక వీరాభిమాని ఉండేది. తీతమ్మ. తీతువు పిట్ట. తీతువులు చెట్టుమీద గూడు కట్టవు, నేలమీద గులకరాళ్ళ మధ్యే గుడ్లు పెడతాయి. తీతమ్మ ఆ మైదానం ఎడమ మూలలోనే పుట్టింది. వాళ్ళమ్మా అక్కడే పుట్టింది. ఆటంటే ప్రాణం. నోరు కూడా కాస్త ఎక్కువే.

"ఒరే తోకన్నా! అవి చేతులా, ఎండిపోయిన తీగలా?" అని కీపర్ని తిట్టేది. జట్టు ఓడిపోతే ఆ పూట పురుగు ముట్టేది కాదు. అవతలివాళ్ళు పెనాల్టీ కొడుతుంటే ఒంటికాలి మీద నిలబడేది. అలా నిలబడితే గోల్ పడదని ఆమె నమ్మకం. పడేదనుకోండి, అయినా నిలబడేది.

ఒక్కటే ఇబ్బంది. మామూలప్పుడు తీతమ్మ చక్కగా మాట్లాడేది. భయం వేస్తే మాత్రం మాట రాదు, పుట్టుకూత వచ్చేస్తుంది. "తీతీతువ్! తీతీతువ్!" అని. తీతువు కూస్తే చెడు జరుగుతుందని లోకమంతా అనుకుంటుంది కదా. ఆ అడవీ అలాగే అనుకునేది.

ఆ ఏడాది చుట్టుపక్కల అడవులన్నీ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. పోటీల్లో అందరికంటే అడుగున మిగిలిన జట్టు పెద్ద పోటీలోంచి పోతుంది. దాని మైదానాన్ని అడవిపందులకి ఇచ్చేస్తారు. పందులు ఏం చేస్తాయి? దుంపల కోసం నేలంతా తవ్వి పారేస్తాయి.

"మైదానం పోతే నేను గుడ్లెక్కడ పెట్టను?" అంది తీతమ్మ.

"ఊరుకో తీతమ్మా, అంతదాకా రానిస్తామా!" అన్నాడు కొమ్ములయ్య.

రానిచ్చారు.

ముందుగా రెల్లుగడ్డి కుందేళ్ళతో ఆట. మొదటి సగం మనవాళ్ళే బాగా ఆడారు. తరవాత ఒక కుందేలు ఎడమవైపు నుంచి చెంగుచెంగున వచ్చింది. అడ్డం ఎవడూ లేడు. తీతమ్మ గుండె గుభేలుమంది. "తీతీతువ్!" అని కూసింది. బంతి గోల్‌లో పడింది.

ఆట అయ్యాక తీతమ్మ కెప్టెన్ దగ్గరికి వెళ్ళింది. నెమ్మదిగానే చెప్పింది. "కొమ్ములయ్యా, మీ బావమరిది ముందుకు పోయి వెనక్కి రావడం లేదు. ఎడమవైపు ఖాళీగా ఉంటోంది. వాడికి ఒక్క మాట చెప్పవయ్యా."

కొమ్ములయ్య అటూ ఇటూ చూశాడు. "చెప్పచ్చు గానీ తీతమ్మా, వాణ్ణి ఒక్క మాట అంటే ఇంటికెళ్ళాక మా ఆవిడ నాకు గడ్డి పెడుతుంది."

"దుప్పివి కదా, తిను!" అంది తీతమ్మ.

కొమ్ములయ్యకి ఆ మాట రుచించలేదు. తిన్నగా బల్లి సిద్ధాంతి దగ్గరికి పోయాడు. ఈ సిద్ధాంతి ఒక చెట్టు తొర్రలో ఉండేది. దోసెడు ఉసుళ్ళు సమర్పించుకుంటే ఏ కష్టానికైనా కారణం చెప్పేది. వచ్చినవాళ్ళ తప్పు మాత్రం ఎన్నడూ చెప్పేది కాదు. అందుకే ఆ తొర్ర ముందు ఎప్పుడూ జనమే.

బల్లి ఉసుళ్ళు తిని, నాలుక చప్పరించి, "దిష్టి! గట్టి దిష్టి!" అంది. "గోల్ కర్రకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టండి."

కట్టారు. మర్నాడు చిలకలొచ్చి మిరపకాయలు తినేశాయి. ఆ పైవారం ఏటిగట్టు నక్కలతో ఆట. నక్కలు ఎడమవైపు నుంచి వచ్చి, నిమ్మకాయల కిందుగానే బంతిని లోపలికి తోశాయి. తీతమ్మ కూస్తూనే ఉంది. ఎవరు వింటారు?

కొమ్ములయ్య మళ్ళీ ఉసుళ్ళు పట్టుకుని వెళ్ళాడు. బావమరిదికి ఒక్క మాట చెప్పడం కంటే అది తేలిక కదా!

"వాస్తు!" అంది బల్లి. "మీ గోల్‌కి ఈశాన్యం సరిగ్గా లేదు. తిప్పండి."

తిప్పారు. మైదానం ఒకవైపు, గోల్ ఒకవైపు! పాపం తోకన్నకి ఎటు నిలబడాలో తెలియక మెడ పట్టేసింది. ఆ వారం ముళ్ళపందులతో ఆడారు. ముళ్ళు గుచ్చుకుని బంతి పేలిపోయింది. పేలిన బంతితో కూడా వాళ్ళు గోల్ కొట్టారు. ఎటునుంచి వచ్చారో అడగండి. ఆఁ, అటే!

అలా ఓడీ ఓడీ మద్దివాగు అట్టడుక్కి చేరింది. ఇక ఒక్క ఆట మిగిలింది, గుట్టకింది ముంగిసలతో. గెలవక్కర్లేదు, సమానంగా ముగించినా చాలు, గండం గట్టెక్కుతుంది. ఓడితే మైదానం పందుల పాలు.

కొమ్ములయ్య మూడోసారి తొర్ర దగ్గరికి వెళ్ళాడు. ఈసారి జట్టంతా వెంట వెళ్ళింది. బల్లి కళ్ళు మూసుకుంది, తెరిచింది. "గోల్ పడే ప్రతిసారీ ముందుగా ఏం వినబడుతోంది?" అని అడిగింది.

అందరూ మొహాలు చూసుకున్నారు.

"తీతువు కూత!" అన్నాడు చుక్కలరాజు. "నిజమే బావా! అది కూస్తుంది, గోల్ పడుతుంది. మనల్ని ఓడిస్తున్నది ఆ పిట్టే!"

"దాన్ని మైదానం దరిదాపుల్లో ఉండనివ్వకండి," అంది బల్లి.

తోకన్న నోరు తెరిచాడు. అతనికి ఒక సంగతి తెలుసు. ఎడమవైపు అతని కంటికి సరిగ్గా ఆనదు, మధ్యలో మనవాళ్ళే అడ్డంగా ఉంటారు. తీతువు కూత వినే అటు దూకేవాడు. పడిన గోల్స్ అందరికీ గుర్తున్నాయి గానీ, ఆ కూత విని అతను ఆపినవి ఎవరికీ గుర్తులేవు. చెబుదామనుకున్నాడు. కానీ ఏడాది పొడుగునా తిట్లన్నీ తిన్నది తనే. ఇప్పుడు పిట్టని వెనకేసుకొస్తే ఇంకా తిడతారు. నోరు మూసుకున్నాడు.

కొమ్ములయ్య తీతమ్మ దగ్గరికి వచ్చి, తల వంచుకుని, విషయం చెప్పాడు.

ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి... అదే, పిట్ట, తీతమ్మ గులకరాళ్ళని ముక్కుతో అటూ ఇటూ జరిపింది.

"నాకు కడుపులో గుడ్లున్నాయి కొమ్ములయ్యా. రేపో మాపో పెట్టాలి. నా చోటు ఇదే."

"ఒక్క పూటే తీతమ్మా. ఆట అయ్యేదాకా వాగు అవతల ఉండు. గెలిచి వచ్చి నేనే నిన్ను పిలుస్తాను."

అభిమానం ఎంత పిచ్చిదో చూడండి. తీతమ్మకి తన మీద తనకే అనుమానం వచ్చింది. "ఏమో, నిజంగా నా కూతేనేమో! నా పాడు గొంతు వల్లే నా జట్టు ఓడుతోందేమో!" అనుకుంది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నేను పోతే మీరు గెలుస్తారంటే, ఇదిగో పోతున్నా. బాగా ఆడండి నాయనా," అని వాగు దాటి ఎగిరిపోయింది.

ఆట మొదలైంది. వాగు అవతల తీతమ్మ ఒంటికాలి మీద నిలబడింది. ఏమీ కనబడదు, వినబడడమే. ఈల వినబడింది. కేకలు వినబడ్డాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. గోల్ పడిన కేక మాత్రం రాలేదు. "దేవుడా, ఇలాగే అయిపోనీ," అని దండం పెట్టుకుంది. కాలు తిమ్మిరెక్కినా దించలేదు.

ఇక్కడ మైదానంలో ఆట అయిపోవచ్చింది. ఎవరూ గోల్ కొట్టలేదు. సమానమే! ఇంకాస్త ఓపిక పడితే మైదానం దక్కుతుంది. అంతలో బంతి చుక్కలరాజు కాళ్ళ దగ్గరికి వచ్చింది. వాడేం చేశాడు? అందరూ "ఆగరా, ఆగు!" అంటున్నా వినకుండా ముందుకు పరిగెత్తాడు. గోల్ కొట్టి అడవినంతా తనే కాపాడేశానని చెప్పుకోవాలి మరి! ముంగిసలు బంతి లాక్కున్నాయి. ఒక చిన్న ముంగిస ఎడమవైపుకి జారుకుంది.

తోకన్న కుడివైపు చూస్తూ నిలబడ్డాడు. చెవి మాత్రం ఎడమవైపే పెట్టాడు. అలవాటు. అటునుంచి ఏ కూతా రాలేదు. అంతా బాగానే ఉందనుకున్నాడు.

బంతి అతని వెనక వలలో పడింది.

వాగు అవతలికి ఆ కేక వినబడింది. మద్దివాగువాళ్ళ గొంతు కాదది. తీతమ్మకి తెలిసిపోయింది. ఎత్తిన కాలు కిందికి దించింది.

మర్నాడు పొద్దున్న తీతమ్మ తిరిగొచ్చింది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. మైదానం మధ్యలో కొమ్ములయ్య, తోకన్న, చుక్కలరాజు చతికిలబడి ఉన్నారు. చూడటానికి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. గోల్ కర్రకి ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి వేలాడుతోంది.

"తీతమ్మా," అన్నాడు కొమ్ములయ్య. "ఈ ఏడాది మేము ఎలా ఆడాం? నిజం చెప్పు. ఇప్పుడు వింటాను."

"ఇప్పుడా!" అంది తీతమ్మ. "సరే, విను. మనం చేతకాక ఓడలేదయ్యా. చేతకాక ఓడితే నేను ఇంత ఏడ్చేదాన్ని కాదు. కుందేళ్ళని చాలాసేపు ఆడనివ్వలేదు మీరు. నక్కలకి చెమటలు పట్టించారు. నిన్న సమానం దాకా తెచ్చారు. తోకన్న ఒక్కడు రెండు పక్కలా దూకాడు. దూకినవాణ్ణే అందరం తిట్టాం, నేనూ తిట్టాను, నా నోరు పడ! ఈ చుక్కలరాజు ఏడాదంతా ముందుకు పరిగెత్తాడు. ఒక్క గోల్ కొట్టాడా? లేదు. వెనక్కి రారా అని వాడికి చెప్పినవాళ్ళు ఉన్నారా? లేరు. దిష్టి తీశారు, వాస్తు చూశారు, నన్ను తరిమారు. ఎడమవైపు ఒక్కడు నిలబడితే సరిపోయేది. ఎవరి చేతా మాట పడకుండా మంచివాడనిపించుకోవాలని చూశావు కొమ్ములయ్యా. ఆ మంచితనానికి ఈ మైదానం ఖర్చయిపోయింది."

చుక్కలరాజు తల ఎత్తలేదు. తోకన్న మొహం చేతుల్లో దాచుకుని, "నీ కూత వినే నేను దూకేవాణ్ణి తీతమ్మా. నిన్న వినబడలేదు," అని బావురుమన్నాడు.

నిన్నటిదాకా తీతమ్మ తన గొంతుని తనే తిట్టుకుంది పాపం.

"ఇవన్నీ ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది," అన్నాడు కొమ్ములయ్య.

"నెమ్మదిగా చెప్తే మీ ఆవిడ పేరు చెప్పావు. గట్టిగా కూస్తే అపశకునం అన్నావు. ఇంకెలా చెప్పను నాయనా?"



అప్పుడు తీతమ్మ మెడ నిక్కించింది. "తీతీతువ్! తీతీతువ్!" అని కూసింది.

ముగ్గురూ ఒక్కసారిగా ఎడమవైపు తిరిగి చూశారు. ఏడాది మొత్తంలో అదే మొదటిసారి. అటునుంచి పందులు వస్తున్నాయి. మూతులు నేలకి ఆనించి, దుంపల వాసన చూసుకుంటూ వస్తున్నాయి.

ఈసారి ఎవరూ అపశకునం అనలేదు. పందులు ముందుగా ఎడమ మూల గులకరాళ్ళనే పెళ్ళగించాయి.

తీతమ్మ ఎగిరిపోయింది. గుడ్లెక్కడ పెట్టిందని అడగకండి. నాకు తెలియదు.

నీతి: మన తప్పుని ఎత్తి చూపినవాళ్ళని తరిమేస్తే, వాళ్ళు పోతారు గానీ తప్పు మన దగ్గరే ఉండిపోతుంది.